సరఫరా ఫ్యాక్టరీకి సోషల్ ఆడిట్‌కు వెళ్లే ముందు జాగ్రత్తలు

సోషల్ ఆడిట్ అంటే మీకు సరుకు చేసిచ్చే ఫ్యాక్టరీలో కార్మికుల పని గంటలు, జీతాలు, భద్రత ఎలా ఉన్నాయో చూసే తనిఖీ. వెళ్లే తేదీ ఫ్యాక్టరీకి ముందే చెప్పకండి. తప్పదనుకుంటే రెండు మూడు వారాల గడువు చెప్పి, అందులో ఏ రోజు వస్తారో దాచండి. రోజు తెలిస్తే మీకు చూపడానికి రెండో సెట్ దొంగ రిజిస్టర్లు సిద్ధమవుతాయి, పనిలో పెట్టుకున్న పిల్లలకు ఆ పూట సెలవు దొరుకుతుంది.

హాజరు, జీతాల రికార్డులు 12 నెలలవి అడగండి. పని ఒత్తిడి ఎక్కువున్న నెల, తక్కువున్న నెల, తాజా నెల తీసి చూడండి. హాజరు, జీతాల రికార్డులను ఒకదానితో ఒకటి పోల్చుకుంటే చాలదు, రెండూ ఒకే చేయి రాసి ఉండొచ్చు. నాణ్యత తనిఖీ చీటీలు, గేటు పుస్తకం పక్కన పెట్టండి. సెలవని రాసిన రోజు తేదీతో చీటీ దొరికితే దొంగ లెక్క బయటపడ్డట్టే. కార్మికుల పని పరిస్థితులపై ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఎస్ఏ8000 ప్రకారం పని వారానికి 48 గంటలు, ఓవర్‌టైమ్ వారానికి 12 గంటలు మించకూడదు. స్థానిక చట్టం ఇంకా కఠినమైతే అదే లెక్క.

మాట్లాడాల్సిన కార్మికులను మీరే ఎంచుకోండి. వాళ్ల భాష వచ్చినవారు, మహిళలకైతే మహిళే అడగాలి, సూపర్‌వైజర్ కంటపడని చోట. పేర్లు నివేదికలో రాయొద్దు. చెప్పినవారి ఉద్యోగం పోతే మళ్లీ ఎవరూ నోరు విప్పరు. వలస కార్మికులైతే పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంది, ఏజెంటుకు ఎంత కట్టారు అని విడిగా కనుక్కోండి.

అత్యవసర ద్వారాలు మీ చేత్తో తెరిచి చూడండి.

భవనం బలం సోషల్ ఆడిటర్ తేల్చేది కాదు, స్ట్రక్చరల్ ఇంజినీరును వెంట తీసుకెళ్లండి. బంగ్లాదేశ్‌లో 2013 ఏప్రిల్ 24న కూలిన రానా ప్లాజాలో పగుళ్లు ముందురోజే కనిపించాయి. అయినా కార్మికులను లోపలికి పంపారు, 1,100 మందికి పైగా చనిపోయారు.

మీ కంపెనీ ఆర్డర్ల ఫైలు కూడా తిరగేయండి. చివరి నిమిషంలో పరిమాణం పెంచి, గడువు మార్చకపోతే ఆ ఓవర్‌టైమ్‌కు మూలం మీ దగ్గరే ఉంది.