బోటులో లైటు మసకగా వెలుగుతుందా? బ్యాటరీ కొనేముందు మైనస్ వైరు చూడండి

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో చేపల వేట నిషేధం, 61 రోజులు బోటు జెట్టీకి కట్టేసుంటది, వలలు బాగుచేస్తాం రంగులేస్తాం ఇంజన్ విప్పి చూస్తాం గానీ వైరింగ్ జోలికి మాత్రం ఎవరం పోం. తీరా మొదటి వేటకి వెళ్ళిన రాత్రే జీపీఎస్ ఆగిపోద్ది, మాస్టు మీద లైటు మిణుకుమిణుకుమంటది, ఒడ్డుకొచ్చి కొత్త బ్యాటరీ కొంటాం, నాల్రోజులకి మళ్ళీ అదే కథ. నేనూ అలా ఒకటి దండగ చేసినోడినే.

ముందు బ్యాటరీ సంగతి తేల్చేయండి. ఇంజన్ ఆపి కొన్ని గంటలయ్యాక మల్టీమీటర్ పెడితే 12.6 వోల్టులు ఉంటే ఫుల్, 12.2 అంటే సగం. ఇంజన్ స్టార్ట్ చేశాక 13.8 నుంచి 14.4 మధ్యకి ఎక్కాలి, ఎక్కకపోతే డైనమో బెల్టు, దాని వైర్లు చూడండి. 24 వోల్టుల బోటైతే అన్నీ రెట్టింపు. ఇంజన్ తిరుగుతుండగా బ్యాటరీ కేబుల్ పీకొద్దు, డైనమోలో డయోడ్లు పోతాయి. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ ఆఖర్న. ఛార్జింగ్ అవుతున్న బ్యాటరీ దగ్గర బీడీ అసలొద్దు, హైడ్రోజన్ పేలుద్ది.

బ్యాటరీ బాగుంటే ఇక దొంగ జాయింట్లలోనే ఉన్నాడు. ఇక్కడే మీటరు మోసం చేస్తది, వైరు మొత్తం చిలుము పట్టి ఒక్క పోగు మిగిలినా సరే లైటు ఆపి చూస్తే 12 వోల్టులు చూపిస్తది. అందుకే లైటు వేసే ఉంచి కొలవాలి. మీటరు ఒక పుల్ల బ్యాటరీ మైనస్‌కి, రెండోది లైటు దగ్గర మైనస్‌కి పెట్టండి (పొడుగు వైరు ముక్క ఒకటి కావాలి). సున్నా దగ్గర్లో ఉంటే ఆ దారి మంచిదే, 1.8 అలా వచ్చిందంటే దారిలోనే ఎవరో తినేస్తున్నారు. అప్పుడు లైటు వైపు పుల్లని ఒక్కో జాయింటు దాటిస్తూ బ్యాటరీ వైపు రండి, అంకె ఎక్కడ ఢమాల్న పడిపోద్దో ఆ జాయింటే. తర్వాత ప్లస్ వైపూ ఇలాగే. జీపీఎస్, వైర్‌లెస్ లాంటివాటికి రానూపోనూ కలిపి 3 శాతం, అంటే 12 వోల్టుల్లో 0.36 మించి పోకూడదు.

మైనస్ వైపు ముందు కొలవమన్నది ఎందుకంటే, లారీకి బాడీయే మైనస్, ఫైబరు బోటుకీ చెక్క బోటుకీ ఆ సుఖం లేదు, ప్రతి లైటుకీ మైనస్ వైరు వెనక్కి రావాల్సిందే, మనోళ్ళేమో పది మైనస్‌లు మెలిపెట్టి ఒకే బోల్టుకి చుట్టేస్తారు.

చెడ్డ జాయింటు దొరికాక దానిమీద మళ్ళీ టేపు చుట్టొద్దు, టేపు లోపల ఉప్పునీరు ఉండిపోద్ది. రాగి తళతళలాడేదాకా వైరు కోసుకుంటూ వెళ్ళండి, లోపల నల్లగా ఉంటే ఉప్పు పాకిందన్నమాట, ఆ ముక్క పనికిరాదు. తగరం పూత వైరు దొరికితే అదే వేయండి, కాస్త రేటు ఎక్కువే గానీ ఉప్పుకి తట్టుకుంటది. లగ్గు (వైరు కొసకి పెట్టే లోహపు తొడుగు) క్రింపింగ్ చేసి, అంటే పట్టకారుతో నొక్కి బిగించి, పైన జిగురున్న హీట్‌ష్రింక్ ట్యూబ్ (వేడి తగిలితే ముడుచుకుని బిగుసుకునే గొట్టం) వేయాలి.

ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే అక్కడ రాగి తీగ చుట్టేవాళ్ళున్నారు, బోటు తగలబెట్టుకోడానికి అంతకన్నా దగ్గరదారి లేదు. ఆ లైను మీద ఉన్నవన్నీ ఆపేసి, ఫ్యూజు చోట ఒక బల్బు కట్టండి (12 వోల్టుల బోటుకి 12ది, 24కి 24ది). బల్బు ఫుల్లుగా వెలిగితే షార్ట్ ఉన్నట్టే, ఒక్కో వైరు విప్పుతూ పొండి, ఏది విప్పితే బల్బు ఆరిపోద్దో దాంట్లోనే తగిలింది. ఎక్కువగా చెక్కకి ఒరుసుకునే మూలల్లోనే ఉంటది.

రాత్రికి రాత్రే బ్యాటరీ దిగిపోతుంటే, అన్నీ ఆపేసి మైనస్ కేబుల్ విప్పి, ఆ కేబులుకీ బ్యాటరీకీ మధ్యలో మీటరుని 10 ఆంపియర్ల మీద పెట్టి చూడండి, పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టొద్దు. కరెంటు కనిపిస్తే ముందు బోటు అడుగునీళ్ళు తోడే పంపు వైర్లు చూడండి, ఎప్పుడూ ఆ మురికినీళ్ళల్లో నానేవి అవే. అలా నీళ్ళలోకి కారే కరెంటు బోటు ఫ్యానునీ (ప్రొపెల్లర్) షాఫ్టునీ కూడా తినేస్తది.

అన్నీ బాగుచేశాక కొత్త ఎల్ఈడీ లైటు ఒక్కటే వెలగట్లేదనుకోండి, ప్లస్ మైనస్ తిరగేసి పెట్టి చూడండి. నేను గంటసేపు మాస్టు మీద వేలాడి వైరంతా వెతికాక కిందనుంచి మా కుర్రాడు చెప్పాడు ఆ ముక్క.