మతిమరుపు పెద్దలతో మాటలు – 4వ పాఠం: ‘సరే’ అన్నాక ఏం చేయాలి?

పోయిన పాఠంలో ‘వాదించకండి, సరే అనండి’ అని రాసి ఊరుకున్నాను. తప్పు నాదే. విశాఖ ఎంవీపీ కాలనీ నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. వాళ్ళ నాన్నగారు షిప్‌యార్డులో చేసి రిటైరై చాలా ఏళ్ళయింది. సాయంత్రం ఐదింటికి ‘షిఫ్టుకి టైమయింది’ అన్నారట. ఈవిడ నా మాట పట్టుకుని ‘సరే నాన్నా’ అన్నారు. ఆయన చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి, ‘మరి క్యారేజీ ఏదమ్మా?’

‘సరే’ దగ్గర ఆగిపోతే ఇంతే. ఆ వెంటనే చేతికి పని అందాలి. ఆ క్యారేజీ గిన్నెలే ఇచ్చి తుడవమనండి, పక్కన కూర్చుని షిఫ్టు కబుర్లు వినండి అన్నాను.

మా అత్తగారికైతే పత్తి. పొద్దు వాలితే చాలు, ‘ఇంటికెళ్ళిపోతాను’ అని సంచి సర్దేవారు. ఇల్లంటే పెళ్ళికి ముందటి భీమిలి ఇల్లు. ‘ఇదే కదండీ మీ ఇల్లు’ అని ఏడాదిపాటు వాదించినదాన్ని నేనే. పత్తిలో గింజ తీసి, వేళ్ళకి కాస్త విభూతి అద్దుకుని వత్తి తిప్పడం మాత్రం ఆ చేతులు మర్చిపోలేదు. పది వత్తులయ్యేసరికి సంచి పక్కకి పోయేది. రోజూ పోయేదని చెప్పను.

మందులు, తలుపు గొళ్ళేలు, చీకటి పడకముందే లైట్లు వేయడం మీకు తెలిసినవే.

నాకు ఒళ్ళు మండేది ఒకటే: ‘గుర్తుందా?’ చుట్టాలు గడప దాటకుండానే ‘నేనెవరో చెప్పు చూద్దాం అత్తా!’ అంటారు. అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బులో, మెదడులో ముందుగా దెబ్బతినే భాగాల్లో కొత్త సంగతుల్ని దాచుకునే హిప్పోకాంపస్ ఒకటి. పొద్దున తిన్న ఇడ్లీ అక్కడికి చేరనే లేదు, ఇక ఎక్కణ్ణుంచి తీసి చెబుతారు? ప్రశ్న మర్చిపోతారు గానీ నలుగురిలో చిన్నబోయిన బాధ అంత తొందరగా పోదు. ‘పొద్దున ఏం తిన్నావు?’ పరీక్షే. ‘ఈ ఫొటోలో ఎవరు?’ పరీక్షే. ‘ఇవాళ ఏ వారం?’ డాక్టరు అడుగుతారు, మీకెందుకు? ‘నన్నే మర్చిపోయావా!’ అన్నది మరీ ఘోరం. జవాబు మీరే ముందు చెప్పేయండి. ‘అత్తా, నేను మీ తమ్ముడి పెద్దబ్బాయిని, పూర్ణా మార్కెట్ నుంచి మామిడిపళ్ళు తెచ్చాను.’ ‘భీమిలి అంటే సముద్రం గాలి బాగా వేస్తుంది కదా.’ మాట అందితే అందుకుంటారు, లేకపోతే నవ్వి ఊరుకుంటారు.

తికమక ఒకటి రెండు రోజుల్లోనే ఎక్కువైపోతే మాత్రం వత్తులూ కబుర్లూ పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ కావచ్చు, కొత్త మాత్ర కావచ్చు, మన ఉక్కపోతకి ఒంట్లో నీరు తగ్గి ఉండవచ్చు.

అభ్యాసం: వారం రోజులపాటు, ‘గుర్తుందా’ నోట్లోంచి వచ్చినప్పుడల్లా వంటింటి క్యాలెండరులో ఆ తేదీ గడిలో ఒక గీత గీయండి. ఇంట్లో అందరివీ, వచ్చిన చుట్టాలవీ కలిపి. మా ఇంట్లో మొదటిరోజు మధ్యాహ్నానికే పదకొండు, అందులో తొమ్మిది నావి.