తీరిగ్గా ఊరు చూడటం ఎలా? మూడో పాఠం: ఇస్తాంబుల్‌లో ఆకలిని బట్టి ఒక రోజు

కిందటి పాఠంలో ఇచ్చిన హోంవర్క్ చేశారా? ఇస్తాంబుల్‌లో చూడాలనుకున్నవన్నీ ఒక కాగితం మీద రాసి, మూడు తప్ప మిగతావన్నీ కొట్టేయమన్నాను. కొట్టేయడానికి చెయ్యి రాలేదు కదూ? మొదటిసారి నాకూ రాలేదు. అయా సోఫియా, బ్లూ మాస్క్, తోప్‌కాపి ప్యాలెస్, గ్రాండ్ బజార్, గలాటా టవర్, అన్నీ ఒక్క రోజులోనే పెట్టుకున్నాను. సాయంత్రానికి బాగా గుర్తున్నదల్లా క్యూలో నా ముందు నిలబడ్డాయన బ్యాగు జిప్పు! మధ్యాహ్నం ఏం తిన్నానంటే చెప్పలేను.

అందుకని ఈ పాఠంలో ప్లాన్ తిరగేస్తున్నాం. ముందు ఎక్కడ తినాలో, ఎక్కడ కూర్చోవాలో పెట్టుకోండి, ఆ మధ్య దారిలో తగిలేవే చూడండి.

పొద్దున్న. టర్కీ వాళ్ళు ఉదయం తినేదాన్ని కహ్వాల్తి అంటారు. విడగొడితే "కాఫీ కింద" అని అర్థం, అంటే కాఫీకి ముందు కడుపులో పడేది. ఆలివ్‌లు, తెల్ల చీజ్, టమాటా, దోసకాయ ముక్కలు, తేనె, మీగడ, గుడ్లు, ఇలా ఇరవై చిన్న ప్లేట్లతో బల్ల నింపేసే రకం ఒకటుంది. బ్రహ్మాండంగా ఉంటుంది కానీ ఇవాళ వద్దు, అది తింటే మధ్యాహ్నం ఆకలి చచ్చిపోతుంది, మన ప్లానంతా ఆ ఆకలి మీదే నడుస్తోంది. బండి మీద ఒక సిమిత్ కొనుక్కోండి. ద్రాక్ష పాకంలో ముంచి నువ్వులు అద్ది కాల్చిన రొట్టె చక్రం అది. వేడిగా ఉందో లేదో ముట్టుకోనక్కర్లేదు, "తాజె?" అని అడగండి. మన తాజాయే.

ఇలాంటి మాటలు మనకి చాలానే దొరుకుతాయి. అంగడి దుక్కాన్, మైదానం మెయ్‌దాన్, టీ చాయ్. తిన్నాక బిల్లు కావాలంటే "హెసాప్" అంటే చాలు, మన హిసాబే. భాష రాదన్న టెన్షన్ సగం అక్కడే పోతుంది.

పదింటికి సులేమానియే మసీదు. అయా సోఫియా ఎందుకు కాదంటారా? 2024 జనవరి నుంచి అక్కడ విదేశీ టూరిస్టులకి టికెట్ పెట్టారు, 25 యూరోలు, అది కూడా పై గ్యాలరీకే. చూడదగ్గదే, కానీ వేరే రోజు. సులేమానియేకి టికెట్ లేదు, తోపులాట తక్కువ, పైగా తివాచీ మీద కూర్చోవచ్చు. నమాజు వేళల్లో టూరిస్టుల్ని ఆపుతారు, శుక్రవారం మధ్యాహ్నం అసలు పెట్టుకోకండి. ఆడవాళ్ళు తలకి చున్నీ వెంట ఉంచుకోవాలి.

లోపల ఒక గోడ చూసుకుని కూర్చోండి, ఫోన్ జేబులో పెట్టి అరగంట పైకి చూడండి. సినాన్ అనే వాస్తుశిల్పి కట్టిన గుమ్మటం అది, 1557లో పూర్తయింది. వందల నూనె దీపాల పొగ ఒకవైపుకే వెళ్ళేలా గాలికి దారి పెట్టి, పేరుకున్న మసితో సిరా చేయించేవాడని చెప్పుకుంటారు. మసీదు కట్టించిన సుల్తాను సులేమాన్ సమాధి వెనక తోటలో పెద్దగా ఉంటుంది. కట్టిన సినాన్ సమాధి బయట వీధి మూల మీద, చిన్నది. చాలామంది చూడకుండానే దాటిపోతారు.

మసీదు ఎదురుగానే వరసగా చిక్కుడు గింజల హోటళ్ళు ఉన్నాయి. తెల్ల గింజల్ని టమాటాతో మెత్తగా ఉడికించిన కూర, పక్కన అన్నం, ఊరగాయ ముక్కలు. కూర పేరు కురు ఫసూల్యె. శాకాహారులు జాగ్రత్త, కొన్నిచోట్ల ఇందులో మాంసం ముక్కలు వేస్తారు, "ఎత్‌సిజ్?" అని అడగండి. ఎత్ అంటే మాంసం, సిజ్ అంటే లేకుండా. ఊళ్ళో మామూలు భోజన హోటల్‌ని లొకాంతా అంటారు. వంటలన్నీ అద్దం వెనక కనిపిస్తుంటాయి కాబట్టి మెనూ చదివే బాధ లేదు, వేలు పెట్టి చూపిస్తే వడ్డిస్తారు. ఒంటిగంట లోపే వెళ్ళండి, ఆలస్యమైతే అడుగున మిగిలింది తినాలి.

అక్కణ్ణించి వాలు దిగితే ఎమినొను రేవు. మధ్యలో మసాలాల బజారు వస్తుంది, వాసన చూసి నడవండి, అంతే. గలాటా వంతెన కింద చేపల హోటళ్ళ వాళ్ళు పిలుస్తారు. అలాంటి ఒకచోట నేను అడగని ప్లేట్లు రెండు బల్ల మీదకొచ్చాయి, మర్యాద అనుకుని తిన్నాను, తర్వాత హెసాప్‌లో కనిపించాయి. అప్పట్నుంచి ఏ ప్లేటు దిగినా ముందు "నె కదర్?" అంటాను, ఎంత అని.

ఇక ఈ పాఠానికి గుండెకాయ, కాదికోయ్ వెళ్ళే ఫెర్రీ. ఆఫీసులకెళ్ళేవాళ్ళు రోజూ ఎక్కే పడవే, ఊళ్ళో బస్సులకీ పడవలకీ వాడే ఇస్తాంబుల్‌కార్ట్ తాకిస్తే గేటు తెరుచుకుంటుంది. ఇరవై నిమిషాల్లో యూరప్ నుంచి ఆసియా. బయటి బెంచీ మీద, పడవ వెళ్ళే దిక్కుకి కుడివైపు కూర్చోండి. హోంవర్క్‌లో కొట్టేసిన లిస్టంతా, తోప్‌కాపి, అయా సోఫియా, బ్లూ మాస్క్, వరసగా ఒకదాని పక్కన ఒకటి ముందు నుంచి సాగిపోతుంది. క్యూ లేదు. చాయ్ తీసుకోండి. పాలుండవు, నడుము సన్నగా ఉన్న చిన్న గాజు గ్లాసు కాబట్టి అంచు దగ్గర రెండు వేళ్ళతో పట్టుకోవాలి, మధ్యలో పట్టుకుంటే కాలుతుంది. పక్కవాళ్ళు సిమిత్ తుంచి గాల్లోకి విసురుతుంటే సముద్రపు కాకులు పడవతో పాటే ఎగురుతూ అందుకుంటాయి. మీ సిమిత్ కాస్త దగ్గరగా పట్టుకోండి.

కాదికోయ్ మార్కెట్లో చేపల కొట్ల ముందు కాసేపు ఆగండి. తాజాదనం కనబడేలా మొప్పల్ని బయటికి తిప్పి పెడతారు, దూరానికి ఎర్రటి పూలలా ఉంటాయి. మాంసాహారులకి ఇక్కడ మిద్యె దోల్మా, అంటే అన్నం కూరిన ఆల్చిప్పలు. అమ్మేవాడు చిప్ప తెరిచి నిమ్మకాయ పిండి చేతికిస్తాడు, పై చిప్పే చెంచా. ఒకటి అయ్యేలోపు ఇంకోటి అందిస్తూనే ఉంటాడు, మీరు చాలనేదాకా. చివర్లో ఖాళీ చిప్పలు లెక్కపెట్టి డబ్బు తీసుకుంటాడు. ఆపడానికి మాట కావాలి కదా, "తమామ్".

తర్వాత పక్కనే ఉన్న మోదా పేట వైపు నడిచి సముద్రం ఒడ్డున ఇంకో చాయ్, సూర్యాస్తమయానికి అరగంట ముందు తిరుగు ఫెర్రీ. ఈసారి ఎడమవైపు కూర్చోవాలి, మినార్ల వెనక పొద్దు వాలుతుంటుంది.

ఈ వారం అభ్యాసం. ఆరు మాటలు, తాజె, ఎత్‌సిజ్, నె కదర్, చాయ్, తమామ్, హెసాప్, అద్దం ముందు కాదు, నిజంగా ఆకలేసినప్పుడు పైకి అనుకోండి. మీరు వెళ్ళబోయే ఊరు ఇంకోటైతే దాని మ్యాప్ తెరిచి మూడు కూర్చునే చోట్లు గుర్తుపెట్టండి. ఒకటి తిండికి, ఒకటి నీడకి, ఒకటి పొద్దు వాలడం చూడటానికి. వాటి మధ్య నడక గంట దాటితే ఒకదాన్ని మార్చండి. వచ్చే పాఠంలో ఇదే రోజుని పొద్దున్నుంచీ వాన పడుతుంటే ఎలా నడపాలో చూద్దాం.