పెరటి పురుగుల పాఠాలు - 3: పేనుబంక కనబడగానే మందు కొట్టకండి

ఆకు మీద నష్టాన్ని చూసి, అది నమిలే పురుగు పనా, రసం పీల్చే పురుగు పనా అని తేల్చుకోవడం కిందటి పాఠంలో చూశాం. ఈసారి రసం పీల్చేవాటిలో అందరినీ విసిగించే పేనుబంక సంగతి. మందు ఎలా కలపాలన్నది చివర్లో చెప్తాను. అసలు కొట్టాలా వద్దా అన్నది ముందు తేలాలి.

లేత చిగురు ముడుచుకుని, కింది ఆకులు జిగటగా మెరుస్తూ, కాండం మీద చీమలు బారులు తీరితే ఆ చిగురును తిప్పి భూతద్దంతో చూడండి. మెత్తటి చిన్న పురుగులు గుంపుగా ఉండి, వాటి వెనక భాగాన రెండు సన్నని గొట్టాలు పొడుచుకొచ్చి ఉంటే పేనుబంకే. మొక్క రసంలో తీపి ఎక్కువ, మాంసకృత్తులు తక్కువ. అందుకని ఇవి తెగ పీల్చి, మిగిలిన తీపిని బయటికి వదిలేస్తాయి. ఆ జిగట మీదే తర్వాత మసిలాంటి నల్లటి బూజు పడుతుంది. పైగా ఆడవి జత కట్టకుండానే పిల్లల్ని పెడతాయి. వాతావరణం వెచ్చగా ఉంటే ఆ పిల్లలు వారం పది రోజుల్లోనే తల్లులైపోతాయి. మొన్న లేనివి ఇవాళ ఇన్నెలా వచ్చాయని మనకు టెన్షన్ మొదలయ్యేది అందుకే.

ఇక ఆ గుంపులోనే మిత్రపురుగుల కోసం, అంటే పేనుబంకను చంపే పురుగుల కోసం వెతకండి. అక్షింతల పురుగును చాలామంది గుర్తుపడతారు. దాని పిల్ల మాత్రం వేరే ప్రాణిలా ఉంటుంది: నల్లగా, పొడుగ్గా, ఒంటి మీద నారింజ మచ్చలతో అచ్చం బుల్లి మొసలే. చూడగానే నలిపేయాలనిపిస్తుంది, కానీ పేనుబంకను ఆబగా తినేది అదే. (1888-89లో ఆస్ట్రేలియా నుంచి తెచ్చి వదిలిన ఒక రకం అక్షింతల పురుగు కాలిఫోర్నియా నిమ్మజాతి తోటలను పొలుసు పురుగు నుంచి గట్టెక్కించింది.) దారంలాంటి కాడ చివర గుడ్డు నిలబడి ఉంటే అది అల్లిక రెక్కల పురుగుది (లేస్‌వింగ్), అదీ మిత్రపురుగే.

కొన్ని పేనుబంకలు ఉబ్బి, గోధుమరంగుకు తిరిగి, కదలకుండా ఉంటాయి. వాటిలో చిన్న కందిరీగ పిల్ల పెరుగుతోందన్నమాట. గుండ్రటి కన్నం ఉంటే అది ఎగిరిపోయినట్టు. వీటిని కడిగేయకండి.

మిత్రులు కనిపిస్తే నాలుగైదు రోజులు ఆగి, చీమల దారి మాత్రం మూయండి. తీపి కోసం అవి పేనుబంకకు కాపలా కాస్తాయి, మిత్రపురుగులను తరిమేస్తాయి. కాండానికి టేప్ చుట్టి, దాని మీద జిగురు రాస్తే చాలు. కొమ్మలు గోడకు తగలకూడదు, లేకపోతే అటునుంచి ఎక్కేస్తాయి.

మిత్రులెవరూ లేకపోతే ముందు నీటి ధార. కింద పడినవాటిలో చాలా మటుకు మళ్లీ చిగురెక్కలేవు. అయినా తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల ద్రవ సబ్బు కలిపి, చిగుళ్ల అడుగున మాత్రమే సాయంత్రం పూట కొట్టండి. బట్టల పౌడరు వాడితే ఆకులు మాడతాయి. ముందు ఒక ఆకు మీద కొట్టి, మర్నాడు చూసి మిగతావాటికి కొట్టండి. వేపనూనె పని నిదానం. దాని ప్రభావానికి పురుగు తిండి తగ్గుతుంది, కుబుసం విడవడం దెబ్బతింటుంది. రెండో రోజుకే పనిచేయలేదని తేల్చేయకండి.

యూరియా తెగ వేసిన మొక్కకు ఎన్ని చేసినా పేనుబంక తిరిగొస్తూనే ఉంటుంది. యూరియాకు లేత చిగురు ఎక్కువగా వస్తుంది, పేనుబంకకు అదంటే మహా ఇష్టం.

ఈ వారం అభ్యాసం: పేనుబంక పట్టిన ఒక కొమ్మకు దారం కట్టి, ఏమీ చేయకుండా వదిలేయండి. రెండు రోజులకోసారి ఉబ్బిన పేనుబంకలెన్నో, మిత్రపురుగులెన్నో రాసుకోండి. వచ్చే పాఠం పిండినల్లి మీద.