లెక్కల్లో ముందున్న పిల్లలకు ఇంట్లో గణితం నేర్పడం ఎలా?

ఐదో తరగతి చదివే పిల్లవాడు ఏడో తరగతి లెక్కలు చేసేస్తున్నాడని తెలిస్తే చాలు, హైదరాబాదులో బంధువులూ ఇరుగుపొరుగూ కలిసి ఇచ్చే సలహా ఒక్కటే: ఐఐటీ ఫౌండేషన్‌లో చేర్పించమని. ఆ సలహాలో దురుద్దేశం లేదు. కానీ పైతరగతి పుస్తకాన్ని త్వరగా ముగించే పిల్లలకు సూత్రాలు వంటబడతాయే తప్ప, ఒక లెక్క ముందు గంటసేపు నిలబడే ఓపిక అలవడదు. ఇంట్లో మీరు నేర్పగలిగింది, నేర్పవలసింది ఆ ఓపికనే అని నా దృఢమైన అభిప్రాయం.

ముందుగా పిల్లల స్థాయి ఎంతో తెలుసుకోవాలి. అందుకు మార్కులు చాలవు, కారణాలు అడగాలి. 3/4ను 1/8తో భాగిస్తే 6 వస్తుందని చెప్పిన అమ్మాయిని, భాగించిన తరువాత అంత పెద్ద సంఖ్య ఎలా వచ్చిందో బొమ్మ గీసి చూపమనండి. అంకెల మొత్తం 9తో భాగింపబడితే ఆ సంఖ్య కూడా ఎందుకు భాగింపబడుతుందో అడగండి. 10, 100, 1000లలో దేన్ని 9తో భాగించినా 1 మిగులుతుందన్న విషయం తనంతట తాను పట్టుకోగలిగితే ఆ అధ్యాయాన్ని నిశ్చింతగా దాటవచ్చు. తడబడితే, ఎంత వేగంగా చేస్తున్నా అక్కడే ఆగాలి. వచ్చిన పాఠంలోని అభ్యాసాలన్నీ చేయించనక్కరలేదు; చివర ఉన్న కఠినమైన రెండు మూడు లెక్కలు చేసి వివరించగలిగితే మిగిలినవి వదిలేయవచ్చు. వచ్చినదాన్నే పదే పదే చేయిస్తే ఇటువంటి పిల్లలకు గణితం మీదే విసుగు పుడుతుంది.

అలా మిగిలిన సమయాన్ని పెద్ద సమస్యలకు కేటాయించండి. వాటి కోసం ఎక్కడికో వెళ్లనక్కరలేదు, మన మెట్రో మ్యాపు చాలు. ఎరుపు లైను మియాపూర్ నుంచి ఎల్బీ నగర్‌కు, నీలం లైను నాగోల్ నుంచి రాయదుర్గానికి, ఆకుపచ్చ లైను జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్‌కు వెళతాయి. అమీర్‌పేట, ఎంజీబీఎస్, పరేడ్ గ్రౌండ్స్ దగ్గర రెండేసి లైన్లు కలుస్తాయి. జేబీఎస్‌ను, పరేడ్ గ్రౌండ్స్‌ను ఒకే స్థానంగా తీసుకోండి. ఏ దారిలోనూ రెండోసారి వెళ్లకుండా ఒకే ప్రయాణంలో మెట్రో మొత్తం చుట్టిరాగలమా అని అడిగి, పెన్సిల్ ఇచ్చి ఊరుకోండి.

కాసేపు గీసి, చెరిపి, కుదరదంటారు. ఎందుకు కుదరదన్నదే అసలు లెక్క. ఒక్కో చోట ఎన్ని దారులు కలుస్తున్నాయో రాయమనండి: అమీర్‌పేటలో 4, మిగిలిన రెండు కూడళ్లలో మూడేసి, నాలుగు చివరి స్టేషన్లలో ఒక్కొక్కటి. ఒక స్టేషన్‌కు వచ్చి వెళ్లిన ప్రతిసారీ రెండు దారులు ఖర్చవుతాయి కనుక, బేసి సంఖ్య ఉన్న చోట ప్రయాణం మొదలవ్వాలి, లేదా ముగియాలి. బేసి స్థానాలు 6 ఉన్నాయి, ఒక ప్రయాణానికి కొసలు రెండే. కాబట్టి కనీసం 3 ప్రయాణాలు కావాలి. ఇప్పుడున్న మూడు లైన్లే ఆ మూడు ప్రయాణాలు! కోనిగ్స్‌బర్గ్ నగరంలోని ఏడు వంతెనలను ఒక్కోదాన్ని ఒక్కసారే దాటుతూ తిరగగలమా అన్న ప్రశ్న గురించి 1736లో ఆయిలర్ అనే గణితవేత్త చేసిన ఆలోచన ఇదేనని అప్పుడు చెప్పండి, ముందుగా చెప్పవద్దు. నాగోల్‌నూ ఎల్బీ నగర్‌నూ కలుపుతూ కొత్త లైను వేస్తే ఎన్ని ప్రయాణాలు చాలుతాయన్నది మరునాటికి ఉంచండి.

ఇటువంటి లెక్క నడుస్తున్నంతసేపూ తల్లిదండ్రులకు కష్టమైన పని మాట్లాడకుండా ఉండటం. ఎప్పుడూ ముందుగా జవాబు చెప్పే పిల్లలకు, ఎక్కడైనా ఆగిపోతే అవమానంగా తోస్తుంది. కొందరు ఏడుస్తారు, పుస్తకం విసిరేస్తారు. ఆ క్షణంలో "ఇంత తెలివైనదానివి, ఇది రాదా?" అన్న మాట ఎంతమాత్రం అనకూడదు. చిన్న సంఖ్యలతో చేసి చూశావా, బొమ్మ గీశావా, ఇంతవరకు ఏం తెలిసింది అని మాత్రమే అడిగి, అవసరమైతే రేపు చూద్దామని లేపేయండి. మీకు జవాబు తెలియకపోయినా నష్టం లేదు, పక్కన కూర్చుని కలిసి వెతకండి.

నోటుపుస్తకంలో జవాబుతో పాటు కారణం కూడా పూర్తి వాక్యాల్లో, తెలుగులోనో ఇంగ్లీషులోనో రాయించాలి. గణిత ఒలింపియాడ్ పోటీల దారిలో తొలి మెట్టయిన ఐఓక్యూఎం (అర్హత పరీక్ష)లో జవాబుగా పూర్ణాంకం గుర్తిస్తే సరిపోతుంది కానీ, తరువాతి ఆర్‌ఎంఓ (ప్రాంతీయ ఒలింపియాడ్)లో నిరూపణ రాయాలి. జవాబు తెలిసీ రాయలేకపోయే పిల్లలు ఇబ్బంది పడేది అక్కడే. ఆ పరీక్షలు పిల్లలు తామే అడిగితే రాయించండి.

పుస్తకాలకు చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మంచి చోట్లు. కొనేముందు వెనక పేజీలు తిరగేసి, జవాబులు మాత్రమే ఉన్నవాటిని పక్కనపెట్టి, సాధన వివరంగా ఉన్న పుస్తకం తీసుకోండి. ఇంటికి వచ్చాక ఆ వెనక పేజీలకు క్లిప్పు పెట్టి, పిల్లలు తమ ప్రయత్నమంతా రాసి చూపించిన తరువాతే తెరవండి.