క్లబ్బులో ఆర్గన్ ట్రయో లైవ్ రికార్డింగ్: ముందు బేస్ సంగతి తేల్చుకోండి

ఆర్గన్ ట్రయోలో బేస్‌కి, అంటే లోతైన కింది స్వరాలకి, వేరే మనిషి ఉండడు. ఆర్గనిస్టు ఎడమ చెయ్యీ, పెడళ్ల మీద కాళ్లే ఆ పని చూసుకుంటాయి. 1956లో అమెరికాలోని విల్మింగ్టన్‌లో, క్లబ్ బేబీ గ్రాండ్‌లో జాజ్ ఆర్గనిస్టు జిమ్మీ స్మిత్‌ని బ్లూ నోట్ రికార్డు కంపెనీ రికార్డ్ చేసినప్పుడూ ఆర్గన్, గిటార్, డ్రమ్స్ అంతే. అందుకే మొదటి మైక్ లెస్లీకి, అంటే ఆర్గన్ శబ్దాన్ని తిప్పుతూ వినిపించే స్పీకర్ పెట్టెకి, దాని అడుగు భాగానికి.

లెస్లీ 122లో సుమారు 800 హెర్ట్జ్ పైన ఉన్న శబ్దం తిరిగే హార్న్‌కి, కిందిది 15 అంగుళాల స్పీకర్‌కి పోతుంది. ఆ స్పీకర్ కింద రోటర్ తిరుగుతుంది. అక్కడ పెద్ద డయాఫ్రం డైనమిక్ మైక్ ఒక్కటే, 20–30 సెంటీమీటర్ల దూరంలో పెట్టండి. రెండు పెడితే బేస్ ఎడమకీ కుడికీ ఊగుతుంది, మోనోలో పలచబడుతుంది. పైన హార్న్‌కి రెండు మైకులు, 30–45 సెంటీమీటర్ల దూరంలో, మధ్య కోణం 90 నుంచి 120 డిగ్రీలు. ఎదురెదురుగా పెడితే ఫాస్ట్‌లో, అంటే నిమిషానికి 400 చుట్ల దగ్గర, శబ్దం ఈ చెవి నుంచి ఆ చెవికి గెంతుతూనే ఉంటుంది. అన్నిటికీ ఫోమ్ తొడగండి. లేకపోతే రోటర్ గాలి గుప్పుగుప్పుమని పడుతుంది.

ఆర్గన్ హామండ్ బి-3 అయితే, దాన్ని ఆన్ చేసేటప్పుడు స్టార్ట్ స్విచ్ 8 సెకన్లు పట్టుకుని, దాన్ని వదలకుండా రన్ స్విచ్ వేసి, ఇంకో 4 సెకన్ల తర్వాత స్టార్ట్ వదలాలి. దాని శ్రుతి కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి ఉంటుంది, చేత్తో సరిచేయలేం. 60 హెర్ట్జ్ ఆర్గన్‌ని 50 హెర్ట్జ్ కరెంటు మీద నడిపితే మూడు సెమీటోన్లకు పైగా దిగిపోతుంది. ఎప్పుడైనా సరే, గిటారే ఆర్గన్‌కి శ్రుతి కలుపుకోవాలి.

జాజ్‌లో కిక్‌ని, అంటే కాలితో కొట్టే పెద్ద డ్రమ్‌ని, మెత్తగా తాకుతారు. దాని మైక్ ముందు తోలుకి 10–15 సెంటీమీటర్ల దూరంలో చాలు. డ్రమ్స్ పైన వేలాడే ఓవర్‌హెడ్ మైకులు రెండూ స్నేర్ డ్రమ్ నుంచి సమాన దూరంలో ఉండాలి, తాడుతో కొలవండి. స్నేర్‌కి ఒకటి. గిటార్ యాంప్‌కి ఒకటి, స్పీకర్ నడిమధ్యకి కాకుండా కాస్త పక్కగా. హాలుకి ఒక జత, 17 సెంటీమీటర్ల ఎడంతో, 110 డిగ్రీల కోణంలో, బార్ కౌంటర్‌కి దూరంగా. మొత్తం 10 ట్రాకులు.

గెయిన్, అంటే మైక్ సిగ్నల్‌ని ఎంత పెంచాలో, పెట్టేటప్పుడు ఆర్గనిస్టుని డ్రాబార్లన్నీ (స్వరం రంగు మార్చే లాగుడు కడ్డీలు) లాగి, వాల్యూమ్ పెడల్ పూర్తిగా తొక్కి, లెస్లీ ఫాస్ట్‌లో వాయించమనండి. అప్పుడు మీటర్‌లో పీక్ మైనస్ 12 డెసిబెల్స్ (dBFS) దాటకూడదు. జనం నిండాక ముగ్గురూ ఇంకా గట్టిగా వాయిస్తారు, ఆ ఖాళీ అందుకే. సౌండ్‌చెక్‌లో మామూలుగా వాయించినదాన్ని నమ్మి గెయిన్ పెంచితే, రెండో సోలోలోనే క్లిప్ అవుతుంది, అంటే హద్దు దాటి శబ్దం చిట్లుతుంది. అది తర్వాత బాగుపడదు.

24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో పది ట్రాకులు గంటకి 5.2 జీబీ పడతాయి. అన్నీ ఒకే వేవ్ ఫైల్లోకి వెళ్తుంటే 4 జీబీ హద్దు సుమారు 50 నిమిషాలకే వచ్చేస్తుంది, అంటే సెట్ మధ్యలో. రికార్డర్ తనంతట తానే కొత్త ఫైల్‌కి మారుతుందో లేదో ముందురోజే నడిపి చూడండి.

మిక్స్‌లో లెస్లీ కింది మైక్ నడిమధ్య, పైవి సగం వెడల్పు దాకా. కింది మైక్ పొలారిటీ (సిగ్నల్ ప్లస్-మైనస్) తిప్పి చూసి, మోనోలో బేస్ ఎటు నిండుగా వినిపిస్తే అటే ఉంచండి. ఆఖరి పాట అయ్యాక చప్పట్లు పూర్తిగా ఆగి, ఇంకో అర నిమిషం హాలు శబ్దం పడేదాకా రికార్డింగ్ ఆపకండి. ఎడిటింగ్‌లో పాటల మధ్య అతుకులకి అదే పనికొస్తుంది.