మన తిండి కుక్కకు పెట్టే ముందు

మనం భోజనం చేస్తుంటే కాళ్ల దగ్గర కూర్చుని కళ్లలోకి చూసే కుక్కకు ఏదో ఒకటి పెట్టకుండా ఉండడం కష్టమే. అయినా పెట్టబోయే దానిలో ఏమున్నదో, కుక్క బరువెంతో తెలుసుకున్న తరువాతే పెట్టాలి. 30 కిలోల కుక్క తట్టుకోగల మోతాదు 4 కిలోల కుక్క ప్రాణం మీదికి తేవచ్చు. అందుచేత మొదట కుక్కను తూచి, ఆ బరువు గుర్తుంచుకోండి.

బరువు ఎందుకు ముఖ్యమో చాక్లెట్ విషయంలో బాగా తెలుస్తుంది. చాక్లెట్‌లో ఉండి కుక్కకు విషమయ్యే థియోబ్రోమిన్ అనే పదార్థం దాని శరీరంలో సగానికి తగ్గడానికే సుమారు 17 గంటలు పడుతుంది. కిలో బరువుకు 20 మిల్లీగ్రాములు చేరితే వాంతులు, విరేచనాలు, నిలకడలేనితనం మొదలవుతాయి. 40 దాటితే గుండె లయ తప్పవచ్చు, 60 దగ్గర మూర్ఛలు రావచ్చు. డార్క్ చాక్లెట్ గ్రాముకు సుమారు 5 మిల్లీగ్రాముల థియోబ్రోమిన్ ఉంటుందనుకుంటే, 50 గ్రాములు తిన్న 10 కిలోల కుక్కకు కిలోకు 25 మిల్లీగ్రాములు చేరినట్లే. మిల్క్ చాక్లెట్‌లో అది తక్కువే గాని, చిన్న కుక్కకు ఆ తక్కువ కూడా ఎక్కువే అవుతుంది.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా భయపెట్టేది జైలిటాల్. చక్కెర లేని చూయింగ్ గమ్‌లలో, కొన్ని వేరుశనగ వెన్నలలో, టూత్‌పేస్టులలో తీపి కోసం దీనిని కలుపుతారు. ఇది కుక్కలో ఇన్సులిన్‌ను ఒక్కసారిగా విడుదల చేయించడం వల్ల, కిలోకు 0.1 గ్రాము చేరినా అరగంటలోనే రక్తంలో చక్కెర పడిపోయి కుక్క తూలిపోవచ్చు. మోతాదు పెరిగితే కాలేయం దెబ్బతింటుంది. కాబట్టి వేరుశనగ వెన్న పెట్టే ముందు డబ్బా మీది పదార్థాల జాబితాను చివరి పేరు వరకు చదవండి.

ఉల్లి, వెల్లుల్లి ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. ఉడికించినా, వేయించినా ఆ గుణం పోదు. పొడి చేస్తే మరింత గాఢమవుతుంది. అందుకే ముక్కలు ఏరివేసి పులుసు మాత్రం పోయడం కూడా తప్పే. లక్షణాలు కొన్ని రోజుల తరువాత బయటపడతాయి కనుక ఆ రోజుల్లో చిగుళ్లను గమనిస్తూ ఉండాలి. పై పెదవిని మెల్లగా ఎత్తి చూస్తే ఆరోగ్యంగా ఉన్న చిగురు గులాబీ రంగులో ఉంటుంది. వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటు రెండు సెకన్లలోపే మళ్లీ రంగు తేలుతుంది. చిగురు పాలిపోయినా, మూత్రం ఎర్రబడినా ఆలస్యం చేయకండి.

ద్రాక్ష, ఎండుద్రాక్ష కొన్ని కుక్కలలో మూత్రపిండాలను పాడుచేస్తాయి. ఏ కుక్కకు ఎంత మోతాదు హాని చేస్తుందో ముందుగా చెప్పలేము కాబట్టి ఒక్క పండు కూడా పెట్టవద్దు. మకడమియా గింజలు, మద్యం, ఈస్ట్ కలిపిన పచ్చి పిండి కూడా నిషిద్ధమే. ఉడికిన ఎముకలు వాడిగా చీలి పేగులను గుచ్చుతాయి. కొవ్వు మాంసం, వేపుళ్లు క్లోమానికి వాపు తెప్పించవచ్చు.

నిశ్చింతగా పెట్టగలిగినవీ ఉన్నాయి: ఎముకలు తీసి, ఉప్పు, మసాలా లేకుండా ఉడికించిన కోడిమాంసం, తెల్లన్నం, ఉడికించిన గుడ్డు, క్యారెట్, గుమ్మడి, గింజలు తీసిన ఆపిల్, పుచ్చకాయ. పాలు చాలా కుక్కలకు అరగవు. ఇటువంటివన్నీ కలిపినా రోజువారీ ఆహారపు కేలరీలలో పదోవంతు మించకూడదు. కొత్తది ఏదైనా ఒక చిన్న ముక్కతో మొదలుపెట్టి ఒక రోజు ఆగి చూడండి.

తినకూడనిది తిన్నదని తెలిసిన వెంటనే, కుక్క హుషారుగానే కనిపిస్తున్నా, పశువైద్యునికి ఫోన్ చేయండి. సాధారణంగా తిన్న రెండు గంటలలోపు వాంతి చేయిస్తే ఎక్కువ ఫలితం ఉంటుంది, కానీ ఆ నిర్ణయం వైద్యునిదే. ఇంట్లో ఉప్పునీళ్లు తాగిస్తే ఒంట్లో సోడియం పెరిగి మరో ప్రమాదం వచ్చిపడుతుంది. తిన్నదేమిటో, ఎంత తిన్నదో, ఎన్ని గంటలకు తిన్నదో కాగితం మీద రాసుకుని, మిగిలిన ముక్కను, చిరిగిన పొట్లాన్ని సైతం వెంట తీసుకువెళ్లండి.